ఆషాఢంలో లాడాలు తీసిన గుర్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇద్దరు అమ్మీలు ఉండేవాళ్లు. ఒకరు నేను, ఇంకొకరు మా జట్కా గుర్రం. మా నాయన వాకిట్లో నిలబడి "అమ్మీ" అని పిలిస్తే నేనూ తల తిప్పేదాన్ని, అదీ తిప్పేది. ఆయన చేతిలో ఉలవల గంప ఉంటే దాన్ని పిలిచినట్టు, దువ్వెన ఉంటే నన్ను పిలిచినట్టు. ఆడబిడ్డనూ గుర్రాన్నీ ఒకే పేరుతో పిలుస్తావా అని మా అమ్మ కోప్పడేది. నాకు మాత్రం అది ఎప్పుడూ నామోషీగా అనిపించలేదు. డెబ్బై దాటిన ఈ వయసులో కూడా వీధిలో ఎవరైనా ఆడపిల్లను అమ్మీ అని పిలిస్తే నాకు ముందు గుర్రమే గుర్తొస్తుంది. ఆ వెంటనే ఒళ్లు మండుతుంది.

మాది కార్వేటినగరం పక్కన చిన్న పల్లె. పుత్తూరు స్టేషన్లో రైలు దిగి మా వైపు రావాలంటే అప్పట్లో బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. మిగతా వేళల్లో జట్కాలే దిక్కు. చేయి విరిగినవాళ్లు, కాలు విరిగినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో రైలెక్కి పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి వచ్చేవాళ్లు. వాళ్లను కట్టు కట్టే ఇళ్లకు చేర్చడంలో మా నాయనకు మంచి పేరు. బండి కుదిపితే నొప్పికి అల్లాడిపోతారని ఎంతో నింపాదిగా నడిపించేవాడు. ఆ గుర్రం కూడా, గొప్పకు చెప్పడం లేదు, బండిలో మూలుగు వినబడితే తనంతట తానే నడక తగ్గించేది.

మా తాత, అంటే మా నాయనకు నాయన, ఊళ్లో ఇంకా పేరున్న మనిషి. ఎవరేం అడిగినా లేదనడని ఆయనకు పేరు. నిచ్చెన, నాగలి, విత్తనాల సజ్జలు, మా అవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గుండిగ, ఏదీ మా ఇంట్లో నాలుగు నాళ్లు కుదురుగా ఉండేది కాదు. గుండిగ ఏ పెళ్లికో పోయి సొట్టపడి తిరిగొచ్చేది. దాన్ని పొయ్యి మీద పెట్టేటప్పుడల్లా మా అవ్వ పేరు పెట్టకుండా ఎవరినో తిట్టేది. ఎవరినో మాకందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. తువ్వాలు దులుపుకుని, నవ్వుకుంటూ వాకిట్లోకి వెళ్లిపోయేవాడు.

తాతకు గుర్రాల సంగతి బాగా తెలుసు. ఆయన నాయన జమీందారీ రోజుల్లో రాజావారి లాయంలో గుర్రాలను చూసుకునేవాడట. ఆ లాయంలో ఒక పద్ధతి ఉండేదని తాత చెప్పేవాడు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, ఊరేగింపులు ఉండవు కాబట్టి ఆ నెల రాగానే గుర్రాల కాళ్ల లాడాలు ఊడదీసి, ఉత్త గిట్టలతో తడినేల మీద వదిలేవాళ్లట. మేకులు కొట్టి కొట్టి గుల్లబారిన గిట్ట అరిగి, పైనుంచి కొత్త గిట్ట దిగుతుంది. మళ్లీ ముహూర్తాలు మొదలయ్యే ముందు కొత్త లాడాలు కొడతారు. పుత్తూరు జట్కావాళ్లు ఎవరూ ఈ పద్ధతి పాటించేవాళ్లు కాదు. కూలికి తిరిగే గుర్రానికి రాజావారి వైభోగాలు ఎక్కడివి?

ఆ సంవత్సరం ఎండాకాలమంతా పెళ్లిళ్లే. పైగా పుత్తూరు రోడ్డు బాగుచేస్తామని దారి పొడవునా కంకర పరిచి, పైన మట్టి కూడా వేయకుండా వదిలేశారు. ముహూర్తాలు అయిపోయే సరికి మా గుర్రం కాళ్లు చూడలేకుండా అయిపోయాయి. లాడాలు కొట్టే సాయిబును నాయన ఇంటికి పిలిపించాడు. ఆయన ముందు కాలు ఎత్తి తన తొడల మధ్య పెట్టుకుని, గిట్ట చుట్టూ బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఈ పక్క మేకు పట్టదప్పా. కొడితే పెచ్చు లేస్తాండాది. లాడాలు తీసేసి ఇసకలో తిప్పుకుంటే బాగయితాది. లేదు, బండి కట్టాల్సిందే అంటారా, ఎట్నో ఒకట్ల కొడతా. ఎన్నాళ్లు నిలుస్తాదో మాత్రం నేను సెప్పలేను. ఏం జేద్దామో మీరే సెప్పండి."

అక్కడ మొదలైంది మా ఇంట్లో గొడవ. తీసేయాలన్నాడు తాత. తీయకూడదన్నాడు నాయన. సాయిబు ఆ పూటకు మజ్జిగ తాగి వెళ్లిపోయాడు కానీ వీళ్ల వాదన మాత్రం రోజుల తరబడి సాగింది. అన్నం దగ్గర అదే మాట, పశువులకు నీళ్లు పెట్టే దగ్గర అదే మాట. కాలు విరిగినవాడు ఆషాఢం అని ఇంట్లో కూర్చుంటాడా, వాడు వచ్చినప్పుడు బండి లేకపోతే ఇంకో బండి చూసుకుంటాడు, మళ్లీ మన మొహం చూడడు అనేది నాయన బాధ. గిట్టే లేనప్పుడు గుర్రం ఎక్కడిది, గుర్రం లేనప్పుడు బండి ఎక్కడిది అని తాత అడిగేవాడు. ఇద్దరి మాటా నిజమే. అందుకే అంత కష్టమైంది.

చివరికి నాయనే తగ్గాడు. ఒకరోజు గిట్ట పట్టుకుని చూస్తుంటే అంచు ముక్క ఆయన చేతిలోకే ఊడి వచ్చింది.  దాన్ని అరచేతిలోనే పెట్టుకుని తాత దగ్గరికి వెళ్లి చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"సరే నాయనా, తీపిస్తా. తీసినాక మాత్రం మళ్లా లాడం కొట్టేదాకా బండి మాట ఎత్తగూడదు. ఆ కంకర మీద ఉత్తకాళ్లతో అడుగేస్తే సచ్చిపోతాది. ఎవురొచ్చి అడిగినా సరే."

"నాకు సెప్తావేమిరా? నేనెత్తుతానా ఆ మాట?" అన్నాడు తాత.

లాడాలు తీశారు. బండిని నొగలు పైకెత్తి గోడకు ఆనించారు. బండి లేకపోతే ఇల్లు గడవాలి కదా, నాయనా అమ్మా ఇద్దరూ మామిడి తోటల్లో గుంతలు తవ్వే కూలికి పోయేవాళ్లు. పగ్గాలు పట్టిన చేతులకు గడ్డపార కొత్త. నాయన అరచేతులు బొబ్బలెక్కి, అవి పగిలి, అన్నం కలుపుకునేటప్పుడు కారం మంటకు మొహం తిప్పుకునేవాడు. గుర్రం కాళ్లు బాగుపడాలని మనిషి చేతులు పాడుచేసుకున్నాడు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఊరంతా మా తాత మంచితనం గురించే మాట్లాడింది కానీ నాయన చేతుల గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

గుర్రాన్ని రోజూ పొద్దున్నే వంకలో తడి ఇసుక మీద నడిపించే పని నాది. మొదట్లో అది అడుగు వేయడానికి భయపడింది. ఎప్పుడూ ఇనుము మీద నడిచిందేమో, నేల తగిలితే ఉలిక్కిపడేది. కొన్నాళ్లకు అలవాటైంది. ఇసుకలో పొర్లడం, నీళ్లను కాలితో కొట్టి నా మీద చిమ్మడం, నేను తిడితే తల ఎగరేయడం, దాని వేషాలు చూసి తీరాలి. వెంట్రుకల కింద కొత్త గిట్ట నున్నగా, నల్లగా దిగుతుంటే నేను రోజూ వేలు పెట్టి కొలిచేదాన్ని. ఎంత పెరిగిందే అని సాయంత్రం నాయన అడిగేవాడు. నేను వేలి మీద చూపించేదాన్ని. ఇంకొంచెం పెరిగితే చాలు, శ్రావణానికి తయారైపోతుంది అనేవాడు. ఆ రోజుల్లో ఆయన మొహంలో ఆ ఒక్క మాటకే కళ ఉండేది.

ఆషాఢం చివర్లో సుబ్రమణ్యస్వామి పండగ, ఆడికృత్తిక వచ్చింది. మా వైపు అరవదేశం ఆనుకునే ఉంటుంది కాబట్టి తిరుత్తణికి కావడి ఎత్తుకుని పోయేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవాళ్లు. పండగ రోజు పొద్దున మా ఊరి పెద్దింటాయన మా వాకిట్లోకి వచ్చాడు. వాళ్లది జమీందారీలో పెద్ద ఉద్యోగాలు చేసిన వంశం. ఆయన మా ఇంటి గడప దగ్గరికి రావడమే మా తాతకు పెద్ద మర్యాద. ఆయన కూతురికి సంబంధం చూస్తున్నారట. పిల్లవాడి తరఫువాళ్లు తిరుత్తణిలో మొక్కు తీర్చుకుని, మరుసటి రోజు రైల్లో పుత్తూరులో దిగుతారట. బండి ఖాళీగానే ఉంది కదా, వాళ్లను తీసుకురావడానికి పంపుతారా అని అడిగాడు.

ఆ సమయానికి నేను వంకలో ఉన్నాను. అమ్మా నాయనా తోటలో ఉన్నారు. తర్వాత మా అవ్వ చెప్పిందాన్ని బట్టి, తాత ఒక్క క్షణం కూడా ఆలోచించలేదట. "మీరు అడగాల్నా సామీ? కబురంపితే సాలదా?" అన్నాడట. లోపలి నుంచి అవ్వ గాజులు చప్పుడు చేసి, తలుపు సందులోంచి చేతులు తిప్పి, లాడాలు లేవని చెప్పమని సైగ చేసిందట. తాత చూసీ చూడనట్టు తల తిప్పుకున్నాడట.

ఆ సాయంత్రం నాయన అరిచిన అరుపు మా వీధంతా విన్నది. నా ఎరుకలో ఆయన తాత మీద గొంతెత్తింది అదే మొదలు. "నేను బండి తోలను. నా చేత్తో దాని కాళ్లు ఇరగ్గొట్టలేను" అన్నాడు.

"నువ్వు తోలకుంటే నేను తోలుకుంటా. ఆయప్పకు మాటిచ్చినాను గదరా. ఒక్క దినానికి ఏమయితాది? గోనెపట్ట కడతా కాళ్లకు" అన్నాడు తాత.

 తండ్రి చేతిలోంచి పగ్గాలు లాక్కునే కొడుకులు ఆ రోజుల్లో ఉండేవాళ్లు కాదు. ఉండి ఉంటే బాగుండేదని నేను ఇన్నేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. తెల్లవారి నాయన, గుర్రం ఉన్నవైపు చూడకుండా, గడ్డపార భుజాన వేసుకుని తోటకు వెళ్లిపోయాడు.

నేను ఏడ్చి మొత్తుకుని బండెక్కాను. తాత నాలుగు కాళ్లకూ గోనెపట్ట మడతలు పెట్టి పురికొసతో కట్టాడు. ఊరు దాటి కంకర మొదలైన కాసేపటికే అవి చిరిగి పీలికలై వెనక పడిపోయాయి. గుర్రం ఒక్కో అడుగూ వెతుక్కుని వేస్తోంది. రాయి గుచ్చుకున్నప్పుడల్లా భుజం అదిరేది. బరువు తగ్గుతుందని తాత దిగి పక్కన నడిచాడు, నన్నూ దింపాడు. "మెల్లగా నా తల్లీ, అయిపోయింది, అయిపోయింది" అని దాని మెడ నిమురుతూనే ఉన్నాడు. ఆ ప్రేమలో కపటం లేదు. అదే నాకు మింగుడుపడదు.

ఎలాగో పుత్తూరు చేరాం. సాయిబు ఇల్లు స్టేషన్ వెనకే. లాడాలు కొట్టించుకుని పోదాం తాతా, పట్టినన్ని మేకులే పట్టనీ అని నేను చొక్కా పట్టుకుని లాగాను. రైలు అప్పటికే వచ్చేసింది. చుట్టాలు మూటలు పట్టుకుని బయట నిలబడి ఉన్నారు.

"వాళ్లను ఎండలో కాసుకోమంటామా? ఏమనుకుంటారు? గమ్మునుండు" అన్నాడు తాత.

అందరూ ఎక్కారు. కావడి బద్దలు, ప్రసాదం బుట్టలు, పెట్టెలు, నిండు బండి. తాతా నేనూ మళ్లీ పక్కన నడిచాం. కొండ ఎక్కే మలుపు దగ్గర గుర్రం ఆగిపోయింది. ముందు కాలు నేలకు ఆనించకుండా పైకి ఎత్తి పట్టుకుంది. కొంచెం దిగండయ్యా, ఎక్కేంత వరకు నడవండి అంటే అయిపోయేది. నా నోటిదాకా వచ్చింది కానీ తాత నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. బండిలోంచి ఒకాయన తమిళం కలిసిన తెలుగులో, గుర్రం మంచి సోంబేరిదే, తిండి ఎక్కువైనట్టుందని హాస్యమాడాడు. అందరూ నవ్వారు. మా తాత కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. నవ్వుతూనే చెర్నాకోల తీశాడు. దాన్ని ఆయన కొట్టడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. అది వెనక్కి తిరిగి చూసింది, పిచ్చిముండ, తిరగబడలేదు. లాగింది.

చుట్టాలకు మా గుర్రం నడక నచ్చలేదు కానీ పెద్దింటాయన మర్యాదలు బాగా నచ్చాయట. సంబంధం కుదిరింది.

ఆ సాయంత్రం నాయన తోట నుంచి వచ్చి, ఎవరినీ ఏమీ అడక్కుండా నేరుగా గుర్రం దగ్గరికి వెళ్లి కాలు ఎత్తి చూశాడు. అరికాలిలో రాయి ముక్క దిగి ఉంది. పక్కనే కొత్తగా దిగిన గిట్ట చీలిపోయి ఉంది. ఉప్పునీళ్లతో కడిగి, పసుపూ వేపాకూ నూరి కట్టు కట్టాడు. ఆయన పుండ్లు పడ్డ చేతులకు ఆ ఉప్పునీళ్లు ఎంత మండి ఉంటాయో. కొన్నాళ్లకు కాలు వాచి చీము పట్టింది. ఆ తర్వాత దాని ఒళ్లంతా కొయ్యబారడం మొదలైంది. దవడలు బిగుసుకుపోయి ఉలవలు కూడా నమలలేకపోయింది. నోటి ముందు గంప పెడితే వాసన చూసి నా వైపు చూసేది. పశువుల డాక్టరు వచ్చి, సూది వేసి, ధనుర్వాతం అన్నాడు, ఆశ పెట్టుకోవద్దన్నాడు. విరిగిన ఎముకలు అతికించుకోవడానికి దేశమంతా మా పుత్తూరుకు వస్తుంది. ఎంతమందిని అక్కడికి చేర్చిందో ఆ గుర్రం. దాని కాలికి మాత్రం మా ఊళ్లో మందు లేకపోయింది.

తాత దాని పక్కనే కూర్చుని ఉండేవాడు. అన్నం మానేశాడు. తలను ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. శ్రావణం గడవకముందే అది పోయింది. వంక అవతల గుంత తవ్వింది మా నాయనే. గుంతలు తవ్వడం ఆ ఆషాఢంలో బాగా వచ్చేసింది ఆయనకు.

పెద్దింటాయన పరామర్శకు వచ్చాడు. చెడ్డమనిషి కాదు. సంగతంతా విని నిజంగానే నొచ్చుకున్నాడు. అప్పుడు ఆయన అన్న మాట నేను తలుపు పక్కన నిలబడి విన్నాను.

"అయ్యో, లాడాలు లేవని ఒక్క మాట చెప్పుండొచ్చు గదప్పా? మా గూడుబండి ఉండనే ఉండాది, దాన్నే కట్టించుందును. జట్కా అయితే సొగసుగా ఉంటాదని అడిగితిని, అంతే."

సొగసుగా ఉంటుందని. అంతేనట. ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన తలూపి, గూడుబండి కట్టించుకుని, మరుసటి రోజుకు ఆ సంగతే మర్చిపోయేవాడు. ఎవరి పరువూ పోయేది కాదు. నేను మా తాత మొహంలోకి చూశాను. ఇప్పుడైనా తప్పు నాదే అంటాడేమో అనుకున్నాను.

"దానికేముండాదిలే సామీ. దాని రాత అట్టుండాది" అన్నాడు తాత.

నాయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆ నెలలోనే రేణిగుంటకు వెళ్లి గూడ్సు షెడ్డులో మూటలు మోసే పనిలో చేరాడు. బండిని ఎవరో అడిగితే తాత ఇచ్చేశాడు, అది తిరిగి రాలేదు. నాయన ఇంటికి వచ్చినప్పుడు తాతకు నమస్కారం పెట్టేవాడు, మందులు తెచ్చేవాడు, మాట మాత్రం కలపలేదు. తాత పోయినప్పుడు చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలొచ్చాయి. "ఆయప్ప నోటెంట లేదు అనే మాట రాలేదు" అని చెప్పుకుని ఏడ్చారు. నాకు కన్నీళ్లు రాలేదు. రాలేదయ్యా ఆ మాట, నిజమే, ఒక్కసారి వచ్చి ఉంటే మా నాయన నడుము మూటల కింద వంగేది కాదు అని అరవాలనిపించింది. తాత నన్ను భుజాల మీద ఎత్తుకుని పెంచినవాడు. క్షమించావా అని ఎవరైనా అడిగితే, లేదు అనే చెబుతాను. పేరు ఆయనకు వచ్చింది, నడిచింది అది.

అందుకే ఎవరైనా ఏదైనా అడిగితే నేను అడిగినవాళ్ల మొహం వైపు చూడను. ఆ పని ఎవరి ఒంటి మీద పడుతుందో వాళ్లను చూస్తాను. మా చుట్టాల్లో నాకు గయ్యాళి అని పేరు. ఉండనీ.

పోయిన నెలలో మా దాయాదుల ఇంట్లో సీమంతం. ఆదివారం వంట చేయడానికి మా కోడల్ని పంపమని మా అబ్బాయికి ఫోన్ చేశారు. ఆ పిల్ల రేణిగుంట ఫ్యాక్టరీలో వారమంతా నిలబడి పని చేసి, ఇంటికి వచ్చి పాదాలు వేడినీళ్లలో పెట్టుకుని కూర్చుంటుంది. మా వాడు దాని వైపు కనీసం తిరిగి చూడకుండా, "అదెంత పని పిన్నీ, పంపిస్తా" అన్నాడు. నేను లేచి ఫోన్ తీసుకున్నాను.

"ఆ పిల్ల రాదు" అన్నాను.

"ఏమక్కా, ఒంట్లో బాగలేదా?" అన్నది ఆవిడ.

"బాగనే ఉండాది. అయినా రాదు. వంటోళ్లను పెట్టుకోండి" అన్నాను.

ఆవిడ సరేలెమ్మంది. అంతే, ఆకాశమేమీ విరిగిపడలేదు. మా వాడు మాత్రం నలుగురిలో పరువు తీశావని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మానేస్తే మానేయనీ, మాట్లాడని కొడుకుతో బతకడం మా ఇంట్లో కొత్తేమీ కాదు. ఆదివారం మా కోడలు పొద్దెక్కేదాకా పడుకుంది. నేను తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, పాలు నేనే కాచుకున్నాను.